లేసరు దీపమునకు పేటెంటు పరీక్ష

నల్లమల అడవుల అంచున ఉన్న అచ్చంపేట వంటి ఊళ్లలో నలభై, ఏబది ఏండ్ల క్రిందట సినిమా చూచిన పెద్దలకు, వెనుక గోడలోని చిన్న కిటికీ నుండి బీడీ పొగలో తేలుతూ తెరమీదికి సాగిన వెలుతురు ఇంకను జ్ఞాపకముండును. ఆ కిటికీ వెనుక గదిలో ఆపరేటరు పడు పాట్లు మాత్రము చాలమంది చూచి ఉండరు. రెండు కార్బను కడ్డీల కొనలను ఒకదానికొకటి తాకించి, కొంచెము ఎడము చేసినచో వాటి నడుమ విద్యుచ్చాపము వెలుగును. ధన కడ్డీ కొన మూడున్నర వేల డిగ్రీలకు పైగా వేడెక్కి, గుంటపడి, కండ్లు మిరుమిట్లు గొలుపు తెల్లని కాంతి నిచ్చును. కాలిన కొలది కడ్డీ పొట్టి యగును, ఎడము పెరుగును. ఆపరేటరు నల్లని అద్దము గుండా చూచుచు దానిని ముందుకు జరుపుచుండవలెను. అతడు ఏమరినచో తెర మసకబారును, నేల తరగతి వారు ఈలలు వేయుదురు.

వెలుతురును ఇంకను పెంచుటకు ఈ కడ్డీల నడిబొడ్డులో సీరియము మొదలైన విరళ మృత్తికల లవణములను కూరెడివారు. ఈ సీరియము పేరు చదువరులు గుర్తుంచుకొందురు గాక. కథ చివర అది మరల కనబడును.

పాశ్చాత్య దేశములలో 1950 తరువాతి దశాబ్దములో కార్బను చాపమునకు బదులు జినాను దీపము వచ్చినది. దట్టమైన క్వార్ట్జు బుడ్డిలో అధిక పీడనముతో జినాను వాయువును నింపి, దానిలో చాపమును వెలిగింతురు. కడ్డీ జరుపు బాధ తప్పినది గాని, చల్లగా ఉన్నప్పుడు సైతము ఆ బుడ్డి పేలు ప్రమాదము కలదు. దానిని మార్చువారు ముఖమునకు కవచము, చేతులకు తొడుగులు ధరింపవలెను. పైగా కొన్ని వందల గంటలు మొదలు రెండు మూడు వేల గంటల లోపుననే దాని ఆయువు తీరును. మూడవ దీపము లేసరు. ఇరువది వేల గంటలు వెలుగునని తయారీదారులు చెప్పు ఈ దీపము నేటి సినిమా హాళ్లలోనే కాక, బడులలోని చిన్న ప్రొజెక్టర్లలో కూడ చేరినది.

ఈ మూడవ దీపము ప్రయోగశాలలో ఎంత నలిగినదో, పేటెంటు కార్యాలయములో అంతకు మించి నలిగినది. ఒక మనుష్యుడు తన ఆవిష్కరణకు పేటెంటు కోరిన దినము మొదలు, మొదటి ముఖ్యమైన పేటెంటు చేతికి వచ్చునప్పటికి పదునెనిమిది సంవత్సరములు గడచినవి. ఆ చరిత్ర తెలియవలెనన్న, ముందు పేటెంటు పరీక్ష అనగా ఏమో కొంత చెప్పుకొనవలెను.

పేటెంటు, లేక ఏకస్వ హక్కు, ప్రభుత్వమునకు ఆవిష్కర్తకు నడుమ ఒక ఒప్పందము. ఆవిష్కర్త తన రహస్యమును లోకమునకు పూర్తిగా వెల్లడి చేయవలెను. అందుకు ప్రతిఫలముగా, దానిని ఇతరులు తన అనుమతి లేక తయారు చేయకుండ, అమ్మకుండ ఆపు హక్కును అతనికి కొంతకాలము ఇత్తురు. నేడు ఆ కాలము దరఖాస్తు పెట్టిన దినము నుండి 20 సంవత్సరములు. మన దేశములో ఈ విషయమున తొలి చట్టము 1856లో వచ్చినది. ఆ ఏడాది మార్చి 3వ తేదీన కలకత్తాలోని జార్జి ఆల్ఫ్రెడ్ డిపెన్నింగు అను ఇంజనీరు మొదటి దరఖాస్తు పెట్టినాడు. వస్తువేమనగా, పంకా లాగు యంత్రము! దొరల తలలపై ఊగు గుడ్డ పంకాలను కూలీలు త్రాటితో లాగుచుండిన కాలమది. రాణిగారి అనుమతి ముందుగా పొందలేదను కారణమున ఆ చట్టము మరుసటి ఏడే రద్దయినది. 1859లో మరల వేరొకటి చేసినారు. 1911 నాటి చట్టము చాలకాలము నడచినది. స్వాతంత్ర్యానంతరము న్యాయమూర్తి ఎన్. రాజగోపాల అయ్యంగారు 1959లో ఇచ్చిన నివేదిక ఆధారముగా 1970 చట్టము రూపొంది, 1972 ఏప్రిలు 20 నుండి అమలులోనికి వచ్చినది.

దరఖాస్తును చదువు అధికారిని పరీక్షకుడందురు. అతడు జవాబు పత్రము దిద్దు ఉపాధ్యాయుని వంటివాడే, కాని ఒక పెద్ద భేదమున్నది. ఉపాధ్యాయునికి సరియైన జవాబు ముందే తెలియును. పరీక్షకుని ముందుకు వచ్చు జవాబు లోకములో ఎవరును అంతకుముందు వ్రాయనిదై ఉండవలెను. ఇది క్రొత్తదా? ఆ విద్యలో సామాన్య నైపుణ్యము గలవానికి ఇట్టే తట్టునదా, లేక నిజముగా ఒక మెట్టు పైకెక్కినదా? పరిశ్రమలో పనికివచ్చునా? చదివినవాడు తయారు చేసికొనగలుగునట్లు వివరముగా వ్రాసినాడా? ఇవి అతడు వేయు ప్రశ్నలు. దరఖాస్తు చివర హక్కు వాక్యములుండును. అవి పొలమునకు హద్దురాళ్ల వంటివి. దూరముగా పాతినచో పొరుగువాని పొలములో పడును. దగ్గరగా పాతినచో పొరుగువాడు ప్రక్కనుండియే దారి చేసికొని పోవును.

ఇక లేసరు సంగతి. ఎక్కువ శక్తి స్థాయిలో నున్న పరమాణువు క్రిందికి దిగునప్పుడు కాంతి వెలువడును. అట్టి పరమాణువు ప్రక్కనుండి సరియైన పౌనఃపున్యము గల కాంతి పోయినచో, ఆ కాంతియే దానిని ప్రేరేపించి దింపుననియు, వెలువడిన కాంతి మొదటి కాంతితో కవాతులోని సిపాయివలె అడుగు కలిపి అదే దిక్కునకు సాగుననియు ఐన్‌స్టయిను 1916, 1917 సంవత్సరములలో సిద్ధాంతీకరించినాడు. పరమాణువులలో ఎక్కువ భాగమును ముందుగా పై స్థాయికి ఎక్కించి ఉంచగలిగిన, ఒకటి రెండగును, రెండు నాలుగగును. కొలంబియా విశ్వవిద్యాలయములో చార్లెస్ టౌన్సు తన సహచరులతో కలసి 1954లో అమ్మోనియా అణువులతో సూక్ష్మతరంగములను ఈ విధముగా వృద్ధి చేసి చూపినాడు. దానికి మేసరు అని పేరు. సూక్ష్మతరంగముల స్థానమున కాంతినే వృద్ధి చేయవచ్చునా అన్నది తరువాతి ప్రశ్న.

అదే విశ్వవిద్యాలయములో గోర్డన్ గూల్డు అను విద్యార్థి ఉండెడివాడు. వయస్సు ముప్పది యేడు. డాక్టరేటు ఇంకను పూర్తికాలేదు. 1957 నవంబరులో ఒక రాత్రి అతడు నోటుబుక్కు తెరచి, రెండు అద్దముల నడుమ కాంతి ముందు వెనుకలకు పోవుచు బలపడు ఏర్పాటును లెక్కలతో సహా వ్రాసినాడు. పుటకు పైన లేసరు అను మాటను మొదట వ్రాసినవాడు అతడే. నవంబరు 13న ఆ నోటుబుక్కును ఒక మిఠాయి దుకాణమునకు తీసికొనిపోయినాడు. దుకాణదారు నోటరీ కూడ. అతడు ఆ పుటలపై తేదీ వేసి, ముద్ర కొట్టి, సంతకము చేసినాడు. ఈ చరిత్రలో ఇంతకన్న ప్రసిద్ధమైన ముద్ర వేరొకటి లేదు.

తరువాత గూల్డు చేసిన పని అతనిని ముప్పది ఏండ్లు వెంటాడినది. అతడు ఒక పేటెంటు న్యాయవాదిని కలిసినాడు. పని చేయు యంత్రమును తయారు చేసి చూపిన గాని పేటెంటు రాదని ఆ సంభాషణ నుండి తెలిసికొనినాడు, లేక తప్పుగా గ్రహించినాడు. నిజమునకు చట్టము యంత్రమును అడుగదు. చదివినవాడు తయారు చేయగల వివరణను మాత్రమే అడుగును. గూల్డు విద్యాభ్యాసము మాని, టి.ఆర్.జి. అను చిన్న సంస్థలో చేరి, యంత్రమును నిర్మించు ఆలోచనలో పడినాడు.

ఈలోగా టౌన్సు, అతని బావమరది వరుసగు ఆర్థర్ షాలో కూడ అదే సమస్యపై పని చేయుచుండిరి. షాలో బెల్ ప్రయోగశాలలలో ఉద్యోగి. 1958 జూలై 30న వారి పేటెంటు దరఖాస్తు దాఖలైనది. ఆ సంస్థ న్యాయవాదులు మొదట దీనిపై శ్రద్ధ చూపలేదట. టెలిఫోను వ్యాపారమునకు కాంతి తరంగములతో పనియేమని వారి సందేహమని టౌన్సు తరువాత చెప్పినాడు. నేడు ఖండములను కలుపుచున్న టెలిఫోను తీగెలన్నియు లేసరు కాంతి నడచు గాజు తంతువులే. వారి పరిశోధన పత్రము 1958 డిసెంబరులో ప్రచురింపబడినది. పేటెంటు 1960 మార్చి 22న లభించినది.

గూల్డు దరఖాస్తు 1959 ఏప్రిలు 6న గాని కార్యాలయమునకు చేరలేదు. ఎనిమిది నెలలు ఆలస్యము. ఆ కాలమున అమెరికా చట్టము ముందు దాఖలు చేసినవానికి గాక, ముందు ఆవిష్కరించినవానికి పేటెంటు ఇచ్చెడిది. కనుక గూల్డుకు ఆశ ఉండినది. మిఠాయి దుకాణపు ముద్ర చేతిలో ఉన్నది గదా. అయితే చట్టము ఇంకొక షరతు పెట్టినది. ముందు ఆలోచించినవాడు, వెనుక వచ్చినవాడు దాఖలు చేయుటకు ముందు మొదలుకొని తాను దాఖలు చేయు వరకు విడువక శ్రమించినట్లు సాక్ష్యము చూపవలెను. ఏ వారమున ఏమి చేసినాడో గూల్డు తేదీలతో రుజువు చేయలేకపోయినాడు. 1966లో అప్పీలు న్యాయస్థానము సైతము అతనికి వ్యతిరేకముగనే తీర్పు చెప్పినది.

ఇంకొక విచిత్రము చూడుడు. టి.ఆర్.జి. సంస్థ గూల్డు ఆలోచనతో సైనిక శాఖవారిని మూడు లక్షల డాలర్లు అడిగినది. వారు దాదాపు పది లక్షలు మంజూరు చేసినారు. వెంటనే ఆ పని రహస్యమైనది. యౌవనములో వామపక్షములతో సంబంధములున్నవాడని గూల్డుకు రహస్యపు అనుమతి నిరాకరించినారు. తన లేసరును నిర్మించు గదిలోనికి తానే పోరాదు! చివరకు మొదటి లేసరును నిర్మించినది వీరిలో ఎవరును కాదు. కాలిఫోర్నియాలోని హ్యూస్ ప్రయోగశాలలో థియోడర్ మైమను 1960 మే 16న, కెంపు కడ్డీ చుట్టును ఫోటో దీపమును చుట్టి, మొదటి లేసరు కాంతిని పుట్టించినాడు. ఒక ప్రసిద్ధ పత్రిక అతని వ్యాసమును త్రిప్పి పంపినది. ఆగస్టు 6న 'నేచర్' పత్రిక ప్రచురించినది. అతని కెంపు లేసరునకు 1967లో పేటెంటు వచ్చినది. నోబెల్ బహుమానము 1964లో టౌన్సుకు, రష్యా శాస్త్రజ్ఞులు బాసొవ్, ప్రొఖొరొవ్‌లకు లభించినది. షాలోకు 1981లో వచ్చినది. గూల్డుకు రాలేదు.

ఇంతటితో కథ ముగిసినదని అందరును తలచినారు. కాని గూల్డు దరఖాస్తు చాల పెద్దది. అద్దముల ఏర్పాటు ఒక్కటియే కాక, పరమాణువులను పై స్థాయికి ఎక్కించు విధానములు, లేసరుతో చేయదగు పనులు అనేకము అందు వ్రాసి ఉన్నవి. అద్దముల హద్దు టౌన్సు, షాలోల పాలైనను, మిగిలిన పొలమునకు హక్కుదారు ఎవరు? పరీక్షకులు ఆ పెద్ద దరఖాస్తును ముక్కలు చేయుమన్నారు. ఒక్కొక్క ముక్కకు వేరొకనితో తగవు వచ్చినది. 1977 అక్టోబరు 11న, కాంతితో పరమాణువులను ఎక్కించు విధానమునకు గూల్డుకు పేటెంటు దొరికినది. 1979లో లేసరు ఉపయోగములపై ఇంకొకటి. లేసరు తయారీ సంస్థలు ఊరకుండలేదు. పునఃపరీక్షకు పట్టుపట్టినవి, న్యాయస్థానములకెక్కినవి. 1985లో న్యాయస్థానము ఆదేశింపగా, వాయువులో విద్యుత్తు ప్రవహింపజేసి నడపు లేసరుపై 1987లో పేటెంటు ఇవ్వక తప్పలేదు. ఆ ఏడే ఒక తయారీ సంస్థపై జ్యూరీ ముందు గెలుపు. దరఖాస్తుకును దీనికిని నడుమ ఇరువది యెనిమిది సంవత్సరములు.

ఈ ఆలస్యము గూల్డుకు నష్టమే అనుకొందురా? చట్టములోని ఒక మెలిక వలన లాభమైనది. ఆనాటి అమెరికా పేటెంటు ఆయువు మంజూరైన దినము నుండి 17 సంవత్సరములు. 1960లో దొరికిన టౌన్సు, షాలోల పేటెంటు, లేసరు పరిశ్రమ ఇంకను పసిపాపగా ఉండగనే కాలము తీరినది. గూల్డు పేటెంట్లు మాత్రము కర్మాగారములలో ఇనుము కోయుటకు, ఆసుపత్రులలో కన్ను కుట్టుటకు లేసర్లు వేలకొలది అమ్ముడగుచున్న రోజులలో చేతికి వచ్చినవి. ఓడినవాడు ఎక్కువ సంపాదించినాడు. ఇట్టి వింతలు జరుగకుండ 1995 జూను నుండి ఆ దేశము దరఖాస్తు తేదీనుండి 20 ఏండ్లు లెక్కించుట ప్రారంభించినది. 2013 మార్చి నుండి ముందు ఆవిష్కరించినవాడను పద్ధతిని కూడ విడిచి, మన దేశమువలెనే ముందు దాఖలు చేసినవానికి పెద్దపీట వేసినది. నిజమైన ఆవిష్కర్త ఎవడన్న ప్రశ్నకు శాస్త్రజ్ఞులు ఒక సమాధానము, న్యాయస్థానములు వేరొక సమాధానము చెప్పినవి. రెండింటిలోను కొంత న్యాయమున్నదనియే అనవలెను. టౌన్సు మేసరు లేక లేసరు లేదు. గూల్డు నోటుబుక్కులోని దూరదృష్టి కూడ త్రోసివేయదగినది కాదు.

మన దేశమువారు ఈ రంగమునకు బొత్తిగా పరాయివారు కారు. జగదీశ చంద్ర బోసు గలీనా స్ఫటికముతో విద్యుత్తరంగములను పసిగట్టు సాధనమునకు 1904 మార్చి 29న అమెరికా పేటెంటు పొందినాడు. అర్ధవాహక సాధనములపై వచ్చిన పేటెంట్లలో అది తొలివాటిలో నొకటి. నేటి ప్రొజెక్టరులోని లేసరు కూడ అర్ధవాహక స్ఫటికమే. అచ్చంపేటకు పొరుగుననున్న కొల్లాపురము బిడ్డ, 2016 నుండి 2021 వరకు ఢిల్లీ ఐ.ఐ.టి. డైరెక్టరుగా నుండిన ఆచార్య వి. రాంగోపాల్‌రావు, అర్ధవాహక సూక్ష్మసాధనములపై పరిశోధించి అనేక పేటెంట్లు సంపాదించినారు.

లేసరును తెరమీదికి తెచ్చు ప్రయత్నము త్వరగనే మొదలైనది. 1966లోనే అమెరికాలోని జెనిత్ సంస్థలో ఏడ్రియన్ కోర్పెల్ బృందము ధ్వని తరంగములతో లేసరు కిరణమును అటునిటు త్రిప్పి టెలివిజను బొమ్మను చూపినది. కాని ఒక్క ఎరుపు రంగుతో సినిమా ఆడదు. ఆకుపచ్చ, నీలము కూడ కావలెను. ఆకుపచ్చ కాంతిని స్ఫటికము నుండి నేరుగా రాబట్టుట చాలకాలము సాధ్యము కాలేదు. దొడ్డిదారి ఒకటి ఉండినది. కంటికి కనబడని 1064 నానోమీటర్ల కిరణమును తగిన స్ఫటికము గుండా పంపినచో తరంగదైర్ఘ్యము సగమై, 532 నానోమీటర్ల పచ్చని కాంతి వచ్చును. తరంగదైర్ఘ్యమును సగము చేయు ఈ విద్యను 1961లో మిచిగన్ విశ్వవిద్యాలయమున పీటరు ఫ్రాంకెను, అతని సహచరులు కనుగొనినారు. సాక్ష్యముగా వారు పంపిన ఛాయాచిత్రములో ఆ క్రొత్త కాంతి ఒక చిన్న చుక్కగా పడినది. పత్రికవారు ఆ చుక్కను అచ్చులోని మరకయని తలచి చెరిపివేసినారు! ఫలితము లేని ఫలిత చిత్రము అచ్చయినది.

నీలికాంతి కథ జపానుది. నిచియా అను సంస్థలో షూజీ నకామురా గాలియము నైట్రైడు స్ఫటికముతో 1993లో ప్రకాశవంతమైన నీలి దీపమును, 1990 దశకపు నడుమ నీలి లేసరును సాధించినాడు. ఇందుకు మూలమైన ఒక పేటెంటు సంస్థ పేర ఉన్నది. అతనికి ముట్టిన బహుమానము ఇరువది వేల యెన్నులు. అతడు వ్యాజ్యము వేయగా, 2004 జనవరిలో టోక్యో న్యాయస్థానము 2000 కోట్ల యెన్నులు చెల్లింపుమన్నది. మరుసటి ఏడు సుమారు 84 కోట్ల యెన్నులకు రాజీ కుదిరినది. 2014 నోబెల్ బహుమానమును అకసాకి, అమనోలతో పాటు అతడును పంచుకొనినాడు. పేటెంటు పత్రముపై ఆవిష్కర్త పేరు ఒకటి, హక్కుదారు పేరు వేరొకటి ఉండవచ్చునని దీనివలన తెలియుచున్నది.

మూడు రంగులును చేకూరిన పిమ్మట 2005లో జపానులోని ఐచీ ప్రదర్శనలో సోనీ సంస్థ పది మీటర్ల ఎత్తు, ఏబది మీటర్ల వెడల్పు గల తెరపై లేసరు చిత్రములను ప్రదర్శించినది. చూచుటకు అద్భుతము, వెలకు దుర్భరము. అంతేకాక లేసరు కాంతి కవాతు నడకయే ఒక దోషమును తెచ్చిపెట్టినది. గరుకైన తెరనుండి చెదరిన కిరణములు ఒకచోట కలిసి బలపడి, వేరొకచోట కొట్టుకొనిపోయి, బొమ్మపై ఇసుక చల్లినట్లు మెరయును.

ఈ రెండు చిక్కులను ఒక్క దెబ్బతో తప్పించు ఉపాయము 2000 తరువాతి దశాబ్దమున వచ్చినది. మూడు రంగుల లేసర్లు వద్దు. చవుకగా దొరకు నీలి లేసరు ఒక్కటి చాలును. ఆ నీలి కిరణమును ఒక స్ఫురదీప్తి పదార్థముపై పడవేయుము. అది నీలమును మ్రింగి పసుపు పచ్చని కాంతిని వెదజల్లును. ఆ పసుపులో ఎరుపు, ఆకుపచ్చ రెండును కలవు. కొంత నీలమును అట్లే కలిపిన తెలుపు వచ్చును. ఈ పదార్థము సామాన్యముగా సీరియము చేర్చిన యిట్రియము అల్యూమినియము గార్నెటు. కార్బను కడ్డీ పొట్టలోని సీరియము ఇక్కడ వేరొక వేషముతో మరల వచ్చినది! స్ఫురదీప్తి కాంతికి కవాతు నడక లేదు గనుక ఇసుక మెరుపు కూడ చాలవరకు మాయమగును.

మిగిలినది వేడి. ఒకే చుక్కపై నీలి కిరణము ఎడతెగక పడినచో ఆ పదార్థము కాగి, కాంతి నిచ్చు శక్తిని కోల్పోవును. దానిని అంటించిన జిగురు మాడును. అందుచేత పదార్థమును గుండ్రని చక్రముపై పూసి, చక్రమును వేగముగా త్రిప్పుదురు. క్షణక్షణమును క్రొత్త భాగము కిరణము క్రిందికి వచ్చును, పాత భాగము చల్లారును. కదలు పలకపై తరంగదైర్ఘ్యమును మార్చు పదార్థమును పూసి పలురంగుల కాంతిని పుట్టించు ఇట్టి సాధనముపై 2007లో అమెరికాలో దాఖలైన ఒక దరఖాస్తు 2009లో పేటెంటైనది. 2010లో కాసియో సంస్థ నీలి లేసరు, స్ఫురదీప్తి పదార్థము, ఎర్రని డయోడు దీపము కలిపి బడులలో వాడదగిన ప్రొజెక్టరును విపణిలో పెట్టినది. చైనాలోని షెన్‌జెన్ నగరపు అప్పోట్రానిక్స్ సంస్థ ఈ పద్ధతిని సినిమా హాళ్లకు తెచ్చినది. 2019లో దానికిని తైవాను దేశపు డెల్టా సంస్థకును నడుమ ఈ దీపముల పేటెంట్లపైననే వ్యాజ్యములు నడచినవి.

ఇప్పుడు చదువరి పరీక్షకుని కుర్చీలో కూర్చుండి ఈ చక్రమును చూడవలెను. నీలి లేసరు పాతది. సీరియము గార్నెటు పాతది. తెల్లని డయోడు దీపములలో 1990 దశకమునుండియు ఉన్నది. త్రిప్పు చక్రము కూడ పాతదే. రంగు అద్దములు పొదిగిన చక్రములు ప్రొజెక్టర్లలో అంతకుముందే కలవు. మూడు పాతలు కలిసిన ఒక క్రొత్త యగునా? మన చట్టము మూడవ విభాగములో, తెలిసిన పరికరములను ప్రక్కప్రక్కన అమర్చి, ఒక్కొక్కటి తన పాతపనిని తాను విడిగా చేసికొనుచున్నచో అది ఆవిష్కరణ కాదని చెప్పుచున్నది. గోడగడియారమునకు దీపము తగిలించిన, గడియారము గంట కొట్టును, దీపము వెలుగును; అంతే. అయితే ఇక్కడ చక్రము ఊరక రంగులు మార్చుట లేదు, పదార్థము కాగకుండ కాపాడుచున్నది. అది త్రిప్పనిచో లేసరు బలము పెంచుటకు వీలులేదు. భాగములు ఒకదానికొకటి తోడ్పడుచున్నవని దరఖాస్తుదారు వాదించును.

పరీక్షకుడు అంతటితో ఊరకుండడు. వేడిని పంచుటకు లక్ష్యమును త్రిప్పుట అను ఆలోచన వేరొకచోట ఉన్నదా యని వెదకును. ఉన్నది! ఎక్స్‌రే గొట్టములో ఎలక్ట్రానుల ధాటికి ధనధ్రువము కరగకుండ దానిని గిరగిర త్రిప్పు పద్ధతి 1930 ప్రాంతమునుండియు వాడుకలో ఉన్నది. ప్రొజెక్టరు చేయువాడు ఎక్స్‌రే పుస్తకము తెరచి చూచునా? చూచునని పరీక్షకుడు, చూడడని దరఖాస్తుదారు. ఇట్టి ప్రశ్నకు త్రాసులో తూచి చెప్పు సమాధానము లేదు. మన దేశములో ఉన్నత న్యాయస్థానముల మాటలే దారి చూపును.

వాటిలో ముఖ్యమైనది ఇత్తడి గిన్నెలకు సంబంధించినది. మిర్జాపురు గిన్నెలను లేతు యంత్రముపై త్రిప్పి మెరుగు పెట్టుదురు. తిరుగుచున్న గిన్నె ఒక్కొక్కప్పుడు పట్టు తప్పి ఎగిరి పనివానికి దెబ్బ తగులును. గిన్నె గట్టిగా నిలుచుటకు ఎదుటినుండి మొనగల దిమ్మెతో అదిమిపట్టు ఏర్పాటునకు హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ అను సంస్థ 1951 నాటి పేటెంటు పొందినది. బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యాం అను సంస్థతో వచ్చిన తగవు సుప్రీం కోర్టు వరకు పోయినది. 1978 డిసెంబరు 13న కోర్టు ఆ పేటెంటు చెల్లదన్నది. మొనగల దిమ్మె లేతు యంత్రములలో ఎప్పటినుండియో ఉన్నదే; దానిని గిన్నెకు ఆనించుట కార్ఖానాలో మంచి పనివాడెవడైనను చేయు సవరణయే గాని ఆవిష్కరణ కాదు. పరీక్షకుడు మంజూరు చేసినంత మాత్రమున పేటెంటు చెల్లునను హామీ లేదని కూడ కోర్టు స్పష్టము చేసినది. అమెరికా సుప్రీం కోర్టు 2007లో మోటారు కారు పెడలు వ్యాజ్యములో ఇంచుమించు ఇదే దారి త్రొక్కినది. పనివానికి దెబ్బ తప్పించు సవరణకు విలువ లేదా యని కొందరు నొచ్చుకొనవచ్చును. విలువ ఉన్నది. ఆ విలువకు ఇతరులందరిని ఆపు హక్కు ప్రతిఫలము కాదని మాత్రమే తీర్పు.

ఇక అచ్చంపేట బడిలో ఒక విద్యార్థి, పాత ప్రొజెక్టరు విప్పి, చక్రము లేకుండనే స్ఫురదీప్తి పదార్థమును చల్లార్చు క్రొత్త ఉపాయమును కనిపెట్టినాడనుకొందము. మనలో జరుగు వాడుక ఏమనగా, మొదట దానిని వైజ్ఞానిక ప్రదర్శనలో పెట్టుదురు, పత్రికలో ఫోటో వేయింతురు, పేటెంటు సంగతి పిదప తలతురు. చిక్కు ఇచ్చటనే ఉన్నది. దరఖాస్తుకు ముందు బహిరంగమైనది క్రొత్తది కాదు. ఆవిష్కర్త తానే వెల్లడించినను సరే. కేంద్ర ప్రభుత్వము ప్రత్యేకముగా ప్రకటించిన ప్రదర్శనలో చూపినప్పుడు, పండిత సభలో పత్రము చదివినప్పుడు మాత్రము 31వ విభాగము పండ్రెండు నెలల వెసులుబాటు ఇచ్చుచున్నది. బడి వరండాలోని ప్రదర్శన ఆ జాబితాలో ఉన్నదని తలచరాదు.

మార్గము కష్టమైనది కాదు. ఉపాయము పూర్తిగా పండకున్నను తాత్కాలిక వివరణతో దరఖాస్తు పెట్టి, పండ్రెండు నెలలలో సంపూర్ణ వివరణ ఇవ్వవచ్చును. గూల్డుకు ఇట్టి వెసులుబాటు లేదు. ఆనాటి అమెరికా చట్టములో తాత్కాలిక దరఖాస్తు అన్నది లేనే లేదు. కలకత్తా, ఢిల్లీ, బొంబాయి, మద్రాసులలో నాలుగు పేటెంటు కార్యాలయములు కలవు; తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులు నేడు చెన్నై అనబడు మద్రాసు కార్యాలయము క్రిందికి వచ్చును. పోవలసిన పని లేదు, కంప్యూటరు ద్వారా పంపవచ్చును. వ్యక్తులకు దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు, పరీక్ష కోరుటకు 4,000. సామాన్యముగా పదునెనిమిది నెలలకు దరఖాస్తు ప్రచురితమగును. పరీక్ష దానంతట అది జరుగదు, కోరవలెను. 2024 నాటి నియమముల సవరణ ప్రకారము అందుకు గడువు 31 నెలలు. పరీక్షకుని మొదటి నివేదికలో ఆక్షేపణలు లేకుండుట అరుదు. అది తిరస్కారమని బెదరి ఊరకుండువారు కొందరు కలరు. అది ప్రశ్నాపత్రము మాత్రమే. ఆరు నెలలలో జవాబు వ్రాయవలెను.

ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశము అను నేత యువకుడు ఆరవ తరగతితో చదువు మానినవాడు. పోచంపల్లి చీరకు ఆసు పోయుటకు తల్లి ఒక్కొక్క చీరకు సుమారు తొమ్మిది వేల సార్లు చేయి ఆడించి భుజము నొప్పితో బాధపడుట చూచి, ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రమును తయారు చేసినాడు. దానికి భారత పేటెంటు లభించినది. 2017లో పద్మశ్రీ వచ్చినది. మేకులు, మోటారు, గేర్లు అన్నియు పాతవే. చేతి కదలికను మేకుల చుట్టును అదే వరుసలో నడపు ఏర్పాటు మాత్రము అంతకుముందు ఏ మగ్గము దగ్గరను లేదు.

మిఠాయి దుకాణములో వేయించుకొనినట్టి ముద్రకు మన చట్టములో ముందుతనము ఇచ్చు బలము లేదు. విద్యార్థి నోటుబుక్కులో తేదీ వేయుట మంచి అలవాటే, తన ఆలోచన ఎప్పుడు ఎట్లు పెరిగినదో తెలియును; కాని ఇద్దరు ఒకే ఉపాయముతో వచ్చినప్పుడు పరీక్షకుడు చూచునది కార్యాలయమున దాఖలైన తేదీని.